నీళ్లలో మందు ఎంత కలపాలి అనేముందు ఆ నీళ్లేంటో చూడండి: క్లోరిన్ ఉప ఉత్పత్తులు తగ్గించుకునే సమగ్ర మార్గదర్శి

వేసవిలో కాలువలు కట్టేశాక కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్లలో మంచినీళ్ల చెరువు గట్టు మీద ఓసారి నిలబడి చూడండి. కట్టేసే ముందు నింపుకున్న నీళ్లే, మళ్లీ కాలువ వదిలేదాకా ఊరంతటికీ అవే గతి. నెల తిరిగేసరికి నీళ్లు పచ్చగా మారతాయి, వాసనొస్తుంది, జనం గొడవ పెడతారు. ట్యాంకు చూసుకునే మనిషి ఏం చేస్తాడు, బ్లీచింగ్ ఇంకో డబ్బా ఎక్కువ కలుపుతాడు. వాసన పోవాల్సింది పోయి ముక్కు పగిలేలా మందు వాసన మొదలవుతుంది. "మందు ఎక్కువైంది" అంటారు అందరూ. నిజానికి ఎక్కువైంది మందు ఒక్కటే కాదు, ఆ మందును తినేసే సరుకు కూడా నీళ్లలో ఎక్కువైంది. ఆ రెండూ కలిస్తే పుట్టేవాటినే క్రిమిసంహారక ఉప ఉత్పత్తులు అంటారు.

ముందే ఒక మాట. ఇది చదివి ఎవరూ క్లోరిన్ ఆపేయకండి. కలరా, టైఫాయిడ్, పచ్చకామెర్లు వారం రోజుల్లో మనిషిని పడేస్తాయి. ఈ ఉప ఉత్పత్తుల ముప్పు ఏళ్ల తరబడి తాగితే వచ్చేది, అదీ కొద్దిపాటిది. వీటి భయంతో క్రిములను చంపే పనిలో రాజీ పడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గట్టిగానే చెబుతుంది. కాబట్టి క్లోరిన్ తగ్గించడం అనేది ఈ పనిలో చివరి మెట్టు. మొదటి మెట్లన్నీ క్లోరిన్‌కి తిండి తగ్గించడమే.

అసలు ఏం పుడుతుంది

కాలువ నీళ్లంటే ఒక రకంగా ఆకుల కషాయం. రాలిన ఆకులు, గడ్డి, వరి దుబ్బులు, నాచు కుళ్లి కరిగిన సేంద్రియ పదార్థం అందులో ఉంటుంది. కంటికి తేటగా కనిపించే నీళ్లలోనూ లీటరుకు 2 నుంచి 5 మిల్లీగ్రాముల కరిగిన కార్బన్ ఉండటం మామూలే. క్లోరిన్ ఆ కషాయంతో కలిసి ట్రైహాలోమీథేన్లు, పొట్టిగా టీహెచ్‌ఎంలు, అలాగే హాలోఎసిటిక్ ఆసిడ్లు, ఇంకా వందల రకాల చిల్లర సరుకు తయారుచేస్తుంది. టీహెచ్‌ఎంలు నాలుగు: క్లోరోఫామ్, బ్రోమోడైక్లోరోమీథేన్, డైబ్రోమోక్లోరోమీథేన్, బ్రోమోఫామ్.

దీన్ని మొదట పట్టుకున్నది నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నీళ్ల శాఖలో పనిచేసిన యోహానెస్ రూక్, 1974లో. నది నీళ్లలో లేని క్లోరోఫామ్ శుద్ధి చేసిన నీళ్లలోకి ఎలా వచ్చిందని తవ్వితే, అది క్లోరిన్ వేశాక పుడుతోందని తేలింది. అదే ఏడాది అమెరికా పర్యావరణ సంస్థ శాస్త్రవేత్తలు కూడా ఇదే సంగతి బయటపెట్టారు. 1979లో అమెరికా నాలుగు టీహెచ్‌ఎంలూ కలిపి లీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదని పెట్టింది, తర్వాత దాన్ని 80కి దించింది. హాలోఎసిటిక్ ఆసిడ్లలో ఐదింటికి కలిపి 60.

మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500, దాని 2012 ప్రతిలో నాలుగూ కలిపిన మొత్తానికి పరిమితి లేదు, విడివిడిగా ఉన్నాయి. లీటరుకు క్లోరోఫామ్ 200 మైక్రోగ్రాములు, బ్రోమోఫామ్ 100, డైబ్రోమోక్లోరోమీథేన్ 100, బ్రోమోడైక్లోరోమీథేన్ 60. ఈ విడివిడి లెక్కలో ఒక మెలిక ఉంది, రిపోర్టు చదివే దగ్గర చెప్తాను.

మెట్టు 1: నీళ్లను రెండు పూటలా కొలవండి

పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. పీహెచ్ మీటరు, టర్బిడిటీ (నీళ్ల మసక) మీటరు, క్లోరిన్ చూసే డీపీడీ కిట్, ఆల్కలినిటీ (పీహెచ్ దిగకుండా పట్టి ఉంచే గుణం), క్లోరైడు, అమోనియాలకు ఫీల్డ్ కిట్లు చాలు. క్లోరిన్‌కి పాత ఓటీ (ఆర్థోటోలిడిన్) ద్రావణం, అదే పసుపు రంగు వచ్చేది, పక్కన పెట్టేయండి. అది ఆరోగ్యానికి మంచిది కాదు, పైగా అసలైన ఫ్రీ క్లోరిన్‌కీ అమోనియాతో కలిసిపోయిన క్లోరిన్‌కీ తేడా సరిగ్గా చెప్పదు. గులాబీ రంగు వచ్చే డీపీడీ ఆ తేడా చెబుతుంది, ఈ పనికి ఆ తేడానే ముఖ్యం.

రెండు పూటలా ఎందుకంటే, నాచు పట్టిన చెరువులో పీహెచ్ రోజులో ఒకేలా ఉండదు. ఎండలో నాచు నీళ్లలోని కార్బన్ డయాక్సైడును లాగేసుకుంటుంది, దాంతో మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాటినా ఆశ్చర్యం లేదు. రాత్రి నాచు ఊపిరి వదులుతుంది, తెల్లారేసరికి మళ్లీ దిగుతుంది. మీరు రోజూ ఉదయం పదింటికి తీసే ఒక్క రీడింగు ఈ కథలో సగమే చెబుతుంది.

టీఓసీ, అంటే మొత్తం సేంద్రియ కార్బన్, బయటి ల్యాబ్‌లో నెలకోసారి చేయించగలిగితే చేయించండి. దానితో పాటు 254 నానోమీటర్ల దగ్గర అతినీలలోహిత కాంతిని నీళ్లు ఎంత మింగుతున్నాయో కూడా అడగండి. ఆ అంకెను 100తో హెచ్చించి, కరిగిన కార్బన్ మిల్లీగ్రాములతో భాగిస్తే సూవా అనే లెక్క వస్తుంది. ఉదాహరణకి రీడింగు 0.12, కార్బన్ 4 అయితే సూవా 3. ఇది 4 దాటితే నీళ్లలో ఉన్నది ఎక్కువగా ఆకు కుళ్లు, పెద్ద అణువులు, పటికకి తేలిగ్గా లొంగుతాయి. 2కి లోపుంటే నాచు నుంచి వచ్చిన చిన్న అణువులు ఎక్కువ, పటిక ఎంత పోసినా పెద్దగా కదలవు. అదే చెరువులో ఆగస్టులో వచ్చే ఎర్రనీళ్లకీ మే నెల పచ్చనీళ్లకీ ఒకే మందు పనిచేయకపోవడానికి కారణం ఇదే. ఆగస్టు నీళ్లు చూడటానికి అసహ్యంగా ఉంటాయి గానీ శుద్ధికి నయం.

మెట్టు 2: పీహెచ్‌ని అర్థం చేసుకోండి, ఇక్కడే అందరూ తప్పు చేస్తారు

నీళ్లలో వేసిన క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి హైపోక్లోరస్ ఆమ్లం, క్రిముల్ని చంపడంలో చురుకైనది. రెండోది హైపోక్లోరైట్, బద్ధకం బాపతు. పీహెచ్ 7.5 దగ్గర చెరి సగం. 7 దగ్గర నాలుగింట మూడొంతులు చురుకైనదే. 8 దగ్గర అది నాలుగో వంతుకి పడిపోతుంది, 8.5 దగ్గర పదో వంతు కూడా ఉండదు. అంటే పీహెచ్ ఎక్కువున్న నీళ్లలో కిట్‌లో 0.5 చూపించినా క్రిములకి తగిలేది చాలా తక్కువ. శుద్ధి బాగా జరగాలంటే పీహెచ్ 8 లోపు ఉండాలి, కనీసం అరగంట ఆగాక 0.5 మిల్లీగ్రాముల ఫ్రీ క్లోరిన్ మిగలాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనేది అందుకే.

ఇప్పుడు రెండో దెబ్బ. టీహెచ్‌ఎంలు పుట్టే చివరి అంచెలకి క్షారం సాయం చేస్తుంది, పీహెచ్ పెరిగేకొద్దీ అవి ఎక్కువ పుడతాయి. అంటే పీహెచ్ 9 నీళ్లలో క్రిములు సరిగ్గా చావవు, అందుకని మందు పెంచుతాం, పెంచిన మందంతా టీహెచ్‌ఎంలుగా మారుతుంది. రెండువైపులా నష్టమే.

అలాగని పీహెచ్ బాగా దించేస్తే అయిపోతుందా అంటే అదీ కాదు. ట్రైక్లోరోఎసిటిక్ ఆసిడ్ లాంటివి పీహెచ్ తగ్గితేనే ఎక్కువ పుడతాయి. ఒకటి తగ్గిస్తే ఇంకోటి లేస్తుంది. పైగా పీహెచ్ తక్కువైన నీళ్లు ఇనప పైపుల్ని తింటాయి. క్లోరిన్ కలిపే చోట 7 నుంచి 7.5 మధ్య ఉంటే చాలావరకు గొడవ ఉండదు, నా అనుభవంలో ఊరి పథకానికి అంతకన్నా సన్నగా ఆలోచించడం అనవసరం. పైపుల కోసం సున్నం కలపాల్సి వస్తే క్లోరిన్ కాంటాక్టు సమయం అయ్యాక, ఊళ్లోకి వదిలే ముందు కలపండి. నేను ఒకసారి దీన్ని తలకిందులు చేయించాను, ముందు సున్నం, తర్వాత క్లోరిన్. తర్వాతి రిపోర్టు చూసి నోరు మూసుకున్నాను.

ఆసిడ్ కలిపే ఏర్పాటు లేని చోట పీహెచ్ ఎలా దించాలి? చెరువు నుంచి ఫిల్టరుకి నీళ్లు తెల్లవారుజామున తోడండి. పైసా ఖర్చు లేని పద్ధతి ఇది. మోటారు వేసే వేళ మార్చడమే. పైన తేలే పచ్చ తెట్టు, అడుగున బురద రెండూ రాకుండా మధ్య లోతు నుంచి లాగండి. పటిక కూడా కొంత పీహెచ్ దించుతుంది, ఆ లెక్క ముందుంది.

మెట్టు 3: ఉప్పుని వెతకండి, ఎందుకంటే దాని వెనకే బ్రోమైడు వస్తుంది

సముద్రానికి దగ్గరున్న ఊళ్లు ఇది మాత్రం శ్రద్ధగా చదవండి. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 19,000 మిల్లీగ్రాముల క్లోరైడుంటే, 65 దాకా బ్రోమైడు ఉంటుంది. అంటే దాదాపు 290 పాళ్లకి ఒక పాలు. బోరులో ఉప్పు సముద్రం నుంచే వచ్చిందని మీకు నమ్మకముంటే, క్లోరైడు అంకెని 290తో భాగించండి, బ్రోమైడు ఎంతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. క్లోరైడు 250 అనుకోండి, అది ఐఎస్ 10500 ప్రకారం హాయిగా తాగదగ్గ హద్దులోనే ఉంది, కానీ బ్రోమైడు 0.86 మిల్లీగ్రాములు. ఉప ఉత్పత్తుల లెక్కలో ఇది చాలా ఎక్కువ. మురుగునీటి వల్లో, నేలలోని పాత ఉప్పు వల్లో క్లోరైడు పెరిగిన చోట మాత్రం ఈ భాగహారం పనికిరాదు.

బ్రోమైడు తనంతట తాను ఏమీ చేయదు. క్లోరిన్ పడగానే అది హైపోబ్రోమస్ ఆమ్లంగా మారుతుంది, ఆకుల కషాయం మీద క్లోరిన్ కన్నా ఎన్నో రెట్లు చురుగ్గా పడుతుంది. క్లోరోఫామ్ పుట్టాల్సిన చోట బ్రోమిన్ ఉన్నవి పుడతాయి. క్లోరోఫామ్ అణుభారం 119, బ్రోమోఫామ్‌ది 253. అన్నే అణువులు పుట్టినా తూకంలో రెట్టింపు. పరిమితులన్నీ తూకం లెక్కలోనే ఉన్నాయి. జీవకణాలకి హాని చేయడంలో కూడా బ్రోమిన్ ఉన్నవి మొత్తం మీద క్లోరిన్ వాటికన్నా చెడ్డవని ప్రయోగాల్లో తేలింది.

దీన్ని పటిక తీయదు, ఇసుక ఫిల్టరు తీయదు, యాక్టివేటెడ్ కార్బన్ (బొగ్గు) ఫిల్టరు తీయదు. మామూలు శుద్ధిలో బ్రోమైడుకి మందు లేదు. చేయగలిగింది, ఉప్పు బోరుని పక్కన పెట్టడం, లేదా కాలువ నీళ్లు ఉన్నన్నాళ్లు బోరు కలపకుండా ఉండటం. ఇక్కడో చిత్రం ఉంది చూడండి. ఉప్పు బోరు నీళ్లలో సాధారణంగా సేంద్రియం తక్కువ, కాలువ నీళ్లలో బ్రోమైడు తక్కువ. విడివిడిగా ఉంటే రెండూ పెద్ద బాధ పెట్టవు. వేసవిలో నీళ్లు చాలక రెండూ ఒకే సంపులో కలిపి దానిమీద బ్లీచింగ్ వేస్తే, ఒకదాని ఆకు కషాయానికి ఇంకోదాని బ్రోమైడు దొరుకుతుంది. కలపక తప్పదంటే ముందు కాలువ నీళ్లలో సేంద్రియాన్ని తీసి, తర్వాతే బోరు నీళ్లు కలపండి. రొయ్యల చెరువుల నుంచి వదిలే నీళ్లు పడే డ్రెయిన్లు మంచినీటి కాలువకి దగ్గరగా ఉన్న చోట కూడా క్లోరైడు మీద ఒక కన్నేయండి.

మెట్టు 4: అమోనియా

చేపల చెరువులు, మురుగు, ఎరువులు, అడుగు బురద, అమోనియా ఎటునుంచైనా రావచ్చు. క్లోరిన్ ముందు దానితోనే కలిసి క్లోరమిన్లు అవుతుంది. అవి మందకొడివి, టీహెచ్‌ఎంలు పెద్దగా పుట్టించవు, కానీ క్రిముల్ని చంపడంలోనూ అంతే మందకొడి. అమోనియా రూపంలో ఒక మిల్లీగ్రాము నైట్రోజన్ ఉంటే, దాన్ని దాటుకుని ఫ్రీ క్లోరిన్ కనిపించాలంటే లెక్క ప్రకారం 7.6 మిల్లీగ్రాముల క్లోరిన్, ఆచరణలో 8 నుంచి 10 వేయాలి. ఢిల్లీలో యమున నీళ్లలో అమోనియా పెరిగినప్పుడల్లా వజీరాబాద్, చంద్రావల్ ప్లాంట్లు ఉత్పత్తి తగ్గించుకునేది అందుకే.

మీ కిట్‌లో టోటల్ క్లోరిన్ (ఫ్రీ క్లోరిన్, క్లోరమిన్లు రెండూ కలిపి) బాగా కనిపించి ఫ్రీ క్లోరిన్ కనిపించకపోతే అనుమానించాల్సింది అమోనియానే. ముక్కుకెక్కే ఘాటు వాసన కూడా చాలాసార్లు క్లోరిన్ తక్కువై క్లోరమిన్లు మిగిలినప్పుడు వచ్చేదే, ఎక్కువై కాదు. జనానికి ఇది చెప్పి ఒప్పించడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకే తెలుసు.

మెట్టు 5: జార్ టెస్ట్, ఈ వ్యాసంలో ఒక్కటే చేస్తానంటే ఇది చేయండి

పటిక మోతాదు "ఎప్పుడూ వేసేంత" అని కాకుండా ఆ వారం నీళ్లకి తగ్గట్టు తేల్చే పరీక్ష ఇది. మామూలుగా దీన్ని నీళ్లు తేట అయ్యేదాకానే చూసి ఆపేస్తారు. మనకి కావాల్సింది తేటదనం కన్నా ఒక అడుగు ముందుకి, కరిగిన సేంద్రియం ఎంత పోయిందో చూడటం.

1. 10 గ్రాముల పటికని లీటరు శుభ్రమైన నీళ్లలో కరిగించండి. ఇందులో ఒక మిల్లీలీటరు తీసి లీటరు చెరువు నీళ్లలో వేస్తే 10 మిల్లీగ్రాముల మోతాదు అవుతుంది.

2. ఆరు జార్లలో లీటరు చొప్పున చెరువు నీళ్లు పోసి, వరసగా 10, 20, 30, 40, 60, 80 మిల్లీగ్రాములు వచ్చేలా ద్రావణం వేయండి.

3. నిమిషం సేపు వేగంగా, అంటే నిమిషానికి సుమారు 100 చుట్లు, తర్వాత 15 నుంచి 20 నిమిషాలు 30 చుట్ల చొప్పున మెల్లగా తిప్పండి. అరగంట కదపకుండా వదిలేయండి.

4. పైనున్న తేట నీళ్లని తీసి టర్బిడిటీ, పీహెచ్ రాసుకోండి.

5. అసలు పని ఇప్పుడు. ఆ ఆరు నీళ్లనీ, పటిక వేయని నీళ్లనీ ఫిల్టరు కాగితంలో వడకట్టి ముదురు రంగు గాజు సీసాల్లో పోయండి. అన్నిటికీ సమానంగా, ఉదాహరణకి లీటరుకి 5 మిల్లీగ్రాములు, క్లోరిన్ వేసి అంచుదాకా నింపి మూత పెట్టి చీకట్లో ఉంచండి. 24 గంటలయ్యాక ఎంత మిగిలిందో చూడండి. ఏదైనా సీసాలో ఏమీ మిగలకపోతే మోతాదు పెంచి మళ్లీ చేయండి.

ఎక్కువ క్లోరిన్ మిగిలిన సీసాలో దాన్ని తినే సరుకు తక్కువుందన్నమాట. టీహెచ్‌ఎం కొలిచే యంత్రం లేని చోట ఇంతకన్నా చవకైన కొలబద్ద నాకు తెలియదు. ఇనుము, అమోనియా కూడా క్లోరిన్‌ని తింటాయి, టీహెచ్‌ఎంలు ఇవ్వవు, కాబట్టి ఆ రెండూ ఉన్న నీళ్లలో ఈ అంకెని కొంచెం అనుమానంతోనే చూడాలి.

చేసి చూస్తే మీకే కనిపిస్తుంది, నీళ్లు తేట అయ్యే మోతాదు ఒకటి, సేంద్రియం బాగా పోయే మోతాదు దానికన్నా ఎక్కువ. పటిక సేంద్రియాన్ని బాగా పట్టేది పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య. మన నీళ్లు మాత్రం అంత తేలిగ్గా అక్కడికి దిగవు, ఆల్కలినిటీ ఎక్కువ. ఒక మిల్లీగ్రాము పటిక సుమారు అర మిల్లీగ్రాము ఆల్కలినిటీని తింటుంది, 40 వేస్తే 20 పోతుంది, ఆల్కలినిటీ 150 ఉన్న నీళ్లకి అది చీమ కుట్టినట్టే. అమెరికా నిబంధనల్లో కూడా ఈ సంగతి లెక్కలోకి తీసుకున్నారు: కార్బన్ 4 నుంచి 8 మధ్య ఉండి ఆల్కలినిటీ 60 లోపుంటే 45 శాతం తీయాలి, అదే 120 దాటితే 25 శాతం తీస్తే చాలు. కాబట్టి మీ నీళ్లలో మూడో వంతు పోతే సంతోషించండి. మిగిలిందాన్ని కార్బన్ ఫిల్టరే పట్టాలి. శుద్ధి అయిన నీళ్లలో అల్యూమినియం మిగలకుండా కూడా చూసుకోవాలి, పటిక పెంచినప్పుడు పీహెచ్ ఎటో పోతే అది కరిగి వచ్చేస్తుంది.

మెట్టు 6: క్లోరిన్ వేసే చోటు మార్చండి

చెరువులోనే, లేదా ఫిల్టరుకి ముందే బ్లీచింగ్ వేసే అలవాటు చాలాచోట్ల ఉంది. నాచు తగ్గుతుందని వేస్తారు. బతికున్న నాచు మీద క్లోరిన్ పడితే దాని కణాలు పగిలి లోపలి సరుకంతా నీళ్లలో కలుస్తుంది, అప్పటిదాకా వడకట్టి పారేయగలిగింది కరిగిన సేంద్రియంగా మారుతుంది. మైలుతుత్తం వేసినా అంతే, నాచు చస్తుంది, దాని రసం నీళ్లలో ఉంటుంది. కొన్ని నాచులు విషం కూడా వదులుతాయి. చంపడం కన్నా రాకుండా చూసుకోవడం, వచ్చినదాన్ని వడకట్టి తీయడం మేలు.

నెమ్మది ఇసుక ఫిల్టర్లున్న పథకాల్లో ఇంకో నష్టం. ఆ ఫిల్టరు పనిచేసేది ఇసుక వల్ల ఎంతో, దాని మీద పేరుకునే జిగురు పొరలోని సూక్ష్మజీవుల వల్ల అంతకన్నా ఎక్కువ. క్లోరిన్ కలిపిన నీళ్లు దాని మీదికి వదిలితే ఆ పొర చచ్చిపోతుంది, ఆ తర్వాత అది ఉత్త ఇసుక గుంట. వడకట్టాకే క్లోరిన్.

మెట్టు 7: మోతాదు లెక్క, సరుకు నిల్వ

40,000 లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకుకి లీటరుకి 2 మిల్లీగ్రాములు కావాలంటే అసలు క్లోరిన్ 80 గ్రాములు. తాజా బ్లీచింగ్‌లో క్లోరిన్ 33 శాతం ఉంటే 242 గ్రాముల పొడి, పాతబడి 25 శాతానికి పడితే 320 గ్రాములు. సంచి మూతి తెరిచి తేమలో పడేస్తే ఇంకా పడిపోతుంది, అప్పుడు ఎంత వేస్తున్నామో మనకే తెలియదు. పొడిని బకెట్లో పేస్టులా కలిపి, సున్నం అడుగున పేరుకున్నాక పై తేటనే ట్యాంకులో పోయండి.

ద్రవరూపంలో వచ్చే సోడియం హైపోక్లోరైట్ వాడేవాళ్లకి ఇంకో చిక్కు. ఎండలో, వేడి గదిలో ఉంచితే అది క్లోరేట్‌గా మారుతుంది. ఆ క్లోరేట్ నీళ్లలో పుట్టింది కాదు, డబ్బాలోంచి నేరుగా వచ్చేది. చిక్కగా ఉన్నకొద్దీ, వేడెక్కినకొద్దీ ఈ చెడిపోవడం వేగం అందుకుంటుంది. నీడలో పెట్టండి, ఆరు నెలల సరుకు ఒకేసారి కొనకండి. సగానికి సగం నీళ్లు కలిపి ఉంచినా చెడిపోయే వేగం చాలా తగ్గుతుంది.

మందు పెంచుకుంటూ పోతే ఏమవుతుందో అమెరికాలోని ఫ్లింట్ ఊళ్లో చూశారు. 2014లో ఖర్చు తగ్గుతుందని నది నీళ్లకి మారారు, నీళ్లలో మలక్రిములు కనిపించాయి, క్లోరిన్ పెంచారు, కొద్ది నెలల్లో టీహెచ్‌ఎంలు హద్దు దాటాయి. ఆ ఊరి నీళ్లలో సీసం (లెడ్) కలిసిన పెద్ద గొడవ వల్ల ఈ సంగతి మరుగున పడింది.

మెట్టు 8: వేడి, సమయం

రెండూ మన చేతుల్లో పెద్దగా లేవు, క్లుప్తంగా చెప్తాను. పది డిగ్రీలు పెరిగితే ఈ రసాయన చర్యల వేగం ఉజ్జాయింపుగా రెట్టింపవుతుంది. క్లోరిన్, సేంద్రియం రెండూ ఉన్నంతసేపు టీహెచ్‌ఎంలు పుడుతూనే ఉంటాయి, అందుకే వాటి అంకె పైపు చివర ఎక్కువ. హాలోఎసిటిక్ ఆసిడ్లని మాత్రం, క్లోరిన్ అయిపోయిన చోట పైపు గోడల మీది సూక్ష్మజీవులు తినేస్తాయి. హైదరాబాద్‌కి కృష్ణా నీళ్లు నల్లగొండ జిల్లా కోదండాపూర్‌లో శుద్ధయి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో వస్తాయి. అంత దూరం నీళ్లకి మొదట్లోనే కుమ్మరించకుండా దారి మధ్యలో కొంచెం కొంచెంగా క్లోరిన్ కలపడమే తెలివైన పని. ఊళ్లో అయితే ట్యాంకుని అవసరం కన్నా పెద్దది కట్టి సగం నీళ్లు కదలకుండా ఉంచొద్దు, పైపు చివరి వాల్వులు వారానికోసారి తెరిచి వదలండి. అపార్ట్‌మెంట్లలో సంపు, పైన ట్యాంకు రెండూ ఎప్పుడూ నిండుగా ఉండాలనే పట్టుదల కూడా ఇలాంటిదే.

మందు మారిస్తే పోతుందా?

పోదు, పేరు మారుతుంది. ఓజోన్ టీహెచ్‌ఎంలు ఇవ్వదు, కానీ నీళ్లలో బ్రోమైడుంటే దాన్ని బ్రోమేట్ చేస్తుంది, దాని హద్దు లీటరుకి 10 మైక్రోగ్రాములే. 2004లో బ్రిటన్‌లో కోకాకోలా వాళ్ల డసాని నీళ్ల బాటిళ్లు సుమారు 5 లక్షలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది దీనివల్లే: రుచికి కలిపిన కాల్షియం క్లోరైడులో బ్రోమైడు ఉంది, తర్వాత ఓజోన్ పట్టించారు. మన దగ్గర వాటర్ ప్లాంట్లలో ఓజోన్ వాడకం మామూలే కాబట్టి, తీరప్రాంతంలో ప్లాంటు నడిపేవాళ్లు బ్రోమేట్ పరీక్ష చేయించుకోవాలి. క్లోరిన్ వేసిన నీళ్లు ఎండలో ఉన్నా బ్రోమేట్ పుడుతుంది. లాస్ ఏంజెలెస్‌లో 2008లో ఇవాన్హో రిజర్వాయరు నీళ్ల మీద 4 లక్షల నల్ల ప్లాస్టిక్ బంతులు పోసింది ఎండని ఆపడానికే.

క్లోరమిన్ అయితే టీహెచ్‌ఎంలు తగ్గుతాయి, ఎన్‌డీఎంఏ అనే వేరే సరుకు పుడుతుంది. వాషింగ్టన్ నగరం ఉప ఉత్పత్తుల నిబంధన కోసం 2000లో క్లోరిన్ నుంచి క్లోరమిన్‌కి మారింది. పాత పైపుల్లో సీసాన్ని పట్టి ఉంచిన పొర ఫ్రీ క్లోరిన్ లేక కరిగి, ఇళ్ల కుళాయిల్లోకి సీసం వచ్చింది. 2004లో పైపు లోపల రక్షణ పొర కట్టే ఆర్థోఫాస్ఫేట్ కలపడం మొదలుపెట్టాకే అది అదుపులోకి వచ్చింది.

మెట్టు 9: శాంపిల్ తీయడం, రిపోర్టు చదవడం

టీహెచ్‌ఎంలు గాల్లోకి ఎగిరిపోయే రకం. ఒకసారి నేను కూల్‌డ్రింక్ సీసాలో ముప్పావు నింపి పంపాను, రిపోర్టులో క్లోరోఫామ్ లేదని వచ్చింది, మా నీళ్లు బంగారం అనుకున్నాం. సీసాలో పైన ఖాళీగా ఉన్న చోటికి ఎగిరిపోయి, మూత తీయగానే వెళ్లిపోయింది. ల్యాబ్ ఇచ్చే 40 మిల్లీలీటర్ల ముదురు రంగు గాజు వయల్‌లోనే, బుడగ లేకుండా, నీళ్లు అంచు మీద ఉబ్బేదాకా నింపి మూత పెట్టాలి. తలకిందులు చేసి చూడండి, బుడగ కనిపిస్తే మళ్లీ తీయండి. వయల్‌లో ముందే వేసి ఉంచే పొడి క్లోరిన్‌ని అక్కడికక్కడే ఆపడానికి, దాన్ని కడిగేయకండి. ఐస్‌లో పెట్టి పంపండి. టీహెచ్‌ఎంలకి పైపు చివరి ఇంట్లో తీయండి, హాలోఎసిటిక్ ఆసిడ్లకి మధ్యలో ఒకటి, చివర ఒకటి. మే నెలలో తీయని శాంపిల్ ఎందుకూ కొరగాదు.

రిపోర్టులో మెలిక అన్నాను కదా. ఊరికే లెక్కకి, క్లోరోఫామ్ 60, బ్రోమోడైక్లోరోమీథేన్ 30, డైబ్రోమోక్లోరోమీథేన్ 30, బ్రోమోఫామ్ 20 అనుకుందాం. మన ప్రమాణంలో నాలుగూ పాస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం ప్రతిదాన్నీ దాని హద్దుతో భాగించి మొత్తం కలపమంటుంది, అది 1 దాటకూడదు. దాని హద్దులు వరసగా 300, 60, 100, 100. అప్పుడు 0.2, 0.5, 0.3, 0.2 కలిపి 1.2, అంటే ఫెయిల్. అమెరికా లెక్కలో మొత్తం 140, హద్దు 80, అక్కడా ఫెయిలే. మీ రిపోర్టులో బ్రోమిన్ ఉన్న మూడూ కలిసి క్లోరోఫామ్‌ని మించితే మెట్టు 3కి వెనక్కి వెళ్లి ఉప్పు ఎటునుంచి వస్తోందో వెతకండి. క్లోరోఫామే ఎక్కువుంటే జార్ టెస్టుకి వెళ్లండి.

ఇంట్లో ఏం చేయొచ్చు

క్లోరోఫామ్ 61 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మూత తీసి, కిటికీ తెరిచి, నీళ్లు తెర్లాక రెండు మూడు నిమిషాలు కాగనిస్తే టీహెచ్‌ఎంలు చాలావరకు పోతాయి. డైక్లోరోఎసిటిక్ ఆసిడ్ లాంటివి పోవు. కాచిన నీళ్లలో క్లోరిన్ కూడా ఉండదు కాబట్టి మూత పెట్టి ఆ రోజే తాగేయండి. వేడినీళ్ల షవరు కింద ఎక్కువసేపు ఉంటే టీహెచ్‌ఎంలు ఆవిరితో లోపలికి వెళ్తాయి, బాత్‌రూమ్ వెంటిలేటరుకి అట్ట అడ్డం పెట్టుకోకండి.

ఆర్‌ఓ ఉంది కదా అనుకునేవాళ్లకి: క్లోరోఫామ్ చిన్న అణువు, పొర లోంచి కొంత జారిపోతుంది, దాన్ని ఆపేది మెషీన్‌లోని కార్బన్ కాట్రిడ్జి. కాట్రిడ్జి పాతబడితే ముందు టీహెచ్‌ఎంలు దాటుకుంటాయి, ఆ తర్వాతెప్పుడో క్లోరిన్ దాటుతుంది. కాబట్టి క్లోరిన్ వాసన రావట్లేదు, ఇంకా బాగానే ఉంది అనే లెక్క ఇక్కడ చెల్లదు. మార్చిన తేదీని మార్కరుతో దాని మీదే రాసి, కంపెనీ చెప్పిన లీటర్లు అయ్యాయో లేదో చూసుకుని మార్చేయండి.